కోచ్ బొమ్మకు గడ్డి

కబడ్డీ సీజన్ మొదలై వారం తిరక్కముందే గుండ్లమెట్టకు ఒళ్లు మండింది. ఒకరిద్దరికి కాదు, ఊరికి ఊరే మండింది. బోర్లు ఎండిపోయి, తాగునీళ్ల ట్యాంకరు ఎగ్గొట్టినా 'రేపొస్తదిలే' అని సర్దుకునే ఊరు అది. పశువుల డాక్టరు నెలల తరబడి మొహం చూపించకపోయినా నాలుగు తిట్లు తిట్టి ఊరుకునే ఊరు. అలాంటిది తమ పిల్లవాణ్ణి ఆడించకుండా బెంచీ మీద కూర్చోబెట్టారని టీవీలో చూసేసరికి ఇంటింటా పౌరుషం పొడుచుకొచ్చింది.

ఆ పిల్లవాడు నాగేంద్ర. గొర్రెలు మేపే చిన్నయ్య, అంకాలమ్మల ఒక్కగానొక్క కొడుకు. మందలోంచి తప్పించుకుపోయే గొర్రెను వెనక్కాలు దొరకబుచ్చుకుని ఆపడం వాడికి లాగూ వేసుకునే వయసులోనే అబ్బింది. ఆ పట్టే కబడ్డీలో పనికొచ్చింది. కూతకొచ్చినవాడు వెనక్కి తిరిగి గీత వైపు ఉరికే సమయానికి, ఎక్కడుంటాడో ఏమో, నాగేంద్ర చెయ్యి వాడి చీలమండ మీద పడేది. గిద్దలూరు, మార్కాపురం టోర్నమెంట్లలో ఆ పట్టు చూసినవాళ్లు ఒంగోలు తీసుకెళ్లారు, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో తీసుకెళ్లారు. ఈ ఏడు దక్కన్ హాక్స్ అనే టీమువాళ్లు లెఫ్ట్ కార్నర్‌లో ఆడటానికి కొనుక్కున్నారు. మనిషిని కొనుక్కోవడమేందని అంకాలమ్మకు మొదట భయమేసింది, ఆ తర్వాత అలవాటైంది.

మండల కేంద్రం బేస్తవారిపేటలో ఎరువుల దుకాణం నడిపే కోటేశ్వరరావు శెట్టి, సీజన్ మొదలయ్యే రోజుకు దుకాణం ముందు గోడంత తెర కట్టించాడు. పక్కనే ఫ్లెక్సీ కూడా కట్టించాడు. దాని మీద కోటేశ్వరరావు నిలువెత్తున చేతులు జోడించి నవ్వుతున్నాడు, ఆయన మోచేతి కింద తమలపాకంత గుండ్రంలో నాగేంద్ర ఉన్నాడు. ట్రాక్టర్ తోలే ఆనంద్ ట్రక్కులో ఊరిజనాన్నంతా ఎక్కించుకుని తీసుకెళ్లాడు. ఈ ఆనంద్ అంకాలమ్మకు వరసకు మేనల్లుడు, నాగేంద్ర పేరుతో పెట్టిన అభిమానుల వాట్సాప్ గ్రూపుకు పెద్ద కూడా వాడే.

మొదటి మ్యాచ్‌లో నాగేంద్ర ఆడలేదు. భుజం మీద తువాలు వేసుకుని బెంచీ మీద కూర్చున్న వాణ్ణి కెమెరా ఒక్కసారి చూపించింది, దానికే జనం ఈలలు వేశారు. మొదటిరోజు గదా అని సర్దుకున్నారు. రెండో మ్యాచ్‌లోనూ అదే తువాలు, అదే బెంచీ. వాడి చోట ఆడిన కుర్రాడు చేతికందిన కాలు వదిలేశాడు, ఒక్క పాయింటుతో హాక్స్ ఓడిపోయింది. పైగా వ్యాఖ్యానం చెప్పేవాడు నాగేంద్రను 'ఒంగోలు కుర్రాడు' అన్నాడు. బేస్తవారిపేట అనడానికి నోరు తిరగదా అని తెరకేసి చెప్పు విసిరినవాడొకడు. ఒకప్పుడు కర్నూలు జిల్లా అన్నారు, ఆ తర్వాత ప్రకాశమన్నారు, మనకు సొంత పేరంటూ ఉండనివ్వరా అని ఇంకొకడు చరిత్రంతా తవ్వాడు. కోచ్ ఉత్తరాదివాడు గనక తనవాళ్లనే ఆడించుకుంటున్నాడని ఆనంద్ తేల్చేశాడు. అంతే, ఆ మాటకిక సాక్ష్యం అక్కర్లేకపోయింది.

జనం మధ్య నిలబడి ఇదంతా వింటున్న అంకాలమ్మకు నాలుక చివరిదాకా వచ్చిన మాట ఒకటుంది. పళ్లు బిగించి దాన్ని లోపలికి మింగింది. వాణ్ణి ఎందుకు కూర్చోబెట్టారో ఆ జనంలో ఆమెకొక్కదానికే తెలుసు.

సీజన్‌కు ముందు ప్రాక్టీసులో నాగేంద్ర మోకాలు మెలికపడింది. స్కానింగులో లోపల నరమేదో కొంచెం చిరిగిందని తేలింది. మొదటి వారం మ్యాట్ ఎక్కొద్దు, వాపు తగ్గినాక చూద్దాం, ఇప్పుడు ఎక్కితే మొత్తానికే పోతుందని కోచ్ గట్టిగా చెప్పాడట. ఆ ముక్క చెప్పి వాడు తల్లి చేత ఒట్టేయించుకున్నాడు. ఊర్లో ఎవురికీ చెప్పొద్దు మా, నాయనకు అసలే చెప్పొద్దు, ఎవురో ఒకరు గ్రూపులో పెడతారు, మోకాలు పోయినోడని పేరు పడితే వచ్చే ఏడు ఎవురూ తీసుకోరు అన్నాడు. కొడుకు కాలూ, కొడుకు బతుకూ రెండూ తన నోట్లో ఉన్నాయని ఆమెకు అర్థమైంది. చిన్నయ్య కడుపులో మాట దాగదు, మందను తోలుకుంటూ ఎదురైన ప్రతివాడికీ చెప్పేస్తాడు. అందుకని మొగుడికి కూడా చెప్పకుండా ఒక్కతే మోసింది.

ఇంటి దగ్గర దొడ్డిలో ఆ రోజుల్లోనే ఒక గొర్రె కుంటుతూ ఉంది. రాళ్లలో కాలు ఇరుక్కుని బెణికింది. మంద మేతకు పోయినప్పుడు దాన్ని తోలకూడదు. ఎంత అరిచినా, గుంపు వెంట పోతానని ఎంత ఎగబడినా దొడ్డిలోనే కట్టేసి, దగ్గరికి ఆకు తెచ్చి వెయ్యాలి. గుండ్లమెట్టలో గొర్రెలున్న ప్రతి ఇంట్లోనూ జరిగేదే అది. ఏ మొనగాడూ కుంటి గొర్రెను కొండకు తోలడు. అంకాలమ్మ దానికి సుబాబుల్ కొమ్మలు వేస్తూ, నీకున్న నసీబు నా కొడుక్కు లేదే అనుకుంది. గొర్రెకు ఊరంతా డాక్టర్లే, తన కొడుక్కు మాత్రం ఊరంతా కోర్టు అయి కూర్చుంది.

బుధవారం పొద్దున ఆకు కొట్టుకుని వచ్చేసరికి దొడ్డి వెనక గడ్డివామికి ఒక పక్కంతా బొక్క పడి ఉంది. బర్రె కోసం కంభం చెరువు కింద కొని తెచ్చుకున్న వరిగడ్డి అది. ఈ కరువులో దాన్ని పరక పరకగా పెట్టుకుంటోంది. ఎవరి పశువు తిన్నదో అనుకుని వెతికితే పశువు జాడ లేదు, ట్రాక్టర్ చక్రాల జాడ ఉంది. పక్కింటి ముసలమ్మను అడిగితే నవ్వుతూ చెప్పింది. పేట సెంటర్లో ధర్నా అంట, కోచ్ దిష్టిబొమ్మను కాలుస్తారంట, బొమ్మలోకి గడ్డి కావాలంటే మీ ఆయనే దగ్గరుండి పీకిచ్చినాడు, తన చొక్కా కూడా ఇచ్చినాడు అంది.

అంకాలమ్మ కొడవలి పక్కన పడేసి, ఉన్న చీరతో అట్లాగే ఆటో ఎక్కింది. ఊరివాళ్ల మీద కోపం ఒకెత్తు, మొగుడి మీద కోపం ఒకెత్తు. ఆ బొమ్మలో ఉన్నది తన గడ్డి, బొమ్మ మీద ఉన్నది తన మొగుడి చొక్కా, కాల్చేది మాత్రం తన కొడుకు కాలు కాపాడుతున్న మనిషిని. ఇంత అన్యాయాన్ని ఇంత సంబరంగా చేసేవాళ్లను ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

సెంటర్లో బస్సులు ఆగిపోయి ఉన్నాయి. త్రిపురాంతకం నుంచి కూడా బండ్ల మీద కుర్రాళ్లు వచ్చారు, వాళ్లలో నాగేంద్ర ఎవరో తెలియనివాళ్లు సగంమంది. బొమ్మకు ఎర్రగీతల చొక్కా తొడిగి, మెడలో ఈల వేలాడదీసి, తెల్లబట్ట మీద బొగ్గుతో మీసాలు గీశారు. చిన్నయ్య బనీనుతో ముందు వరుసలో నిలబడి ఉన్నాడు. జీవితంలో మొదటిసారి జనం ఆయన చేతికి మైకిచ్చారు. ఏం మాట్లాడాలో తెలియక నవ్వుతున్నాడు. కోటేశ్వరరావు ఫోన్లు పట్టుకున్నవాళ్ల వైపు తిరిగి, వెనకబడిన ప్రాంతానికి జరుగుతున్న అన్యాయం గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. ఎరువుల బస్తా కోసం రైతులు ఆయన దుకాణం ముందు పడిగాపులు పడ్డప్పుడు ఆ గొంతు ఎక్కడ దాచుకున్నాడో ఎవరూ అడగలేదు.

అంకాలమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్లి బొమ్మకూ అగ్గిపెట్టెకూ మధ్య నిలబడింది. ఆనంద్ పక్కకు జరగమని బతిమాలాడు, నీ కొడుకు కోసమే గదా అత్తా అన్నాడు. ఇక ఆమె వల్ల కాలేదు. వారం రోజులుగా అదిమిపెట్టుకున్న మాట అందరి ముందూ బయటికొచ్చేసింది.

"వాడికి మోకాలు దెబ్బరా. కోచ్ కూర్చోబెట్టింది వాడి మంచికే. కుంటి గొర్రెను దొడ్డిలో కట్టేసుకుంటారే మీరు, నా కొడుకును మాత్రం కొండకు తోలమంటారా?"

చిన్నయ్య మైకు దించేసి భార్య వైపు అయోమయంగా చూశాడు. అగ్గిపుల్ల గీసినవాడు దాన్ని ఆర్పేశాడు. అంతటితో అయిపోయిందనే అంకాలమ్మ అనుకుంది. కానీ కోపానికి అలవాటుపడ్డ జనానికి ఉత్త చేతులతో ఇంటికి పోవడం ఎంత కష్టమో ఆమెకు తెలియదు. ముందుగా తేరుకున్నవాడు ఆనంద్.

"అది కోచ్ అల్లిన కత అత్తా. నాగేంద్ర చేత నీకు అట్ల చెప్పిచ్చినారు. మోకాలు పోయినోడు బెంచీ మీద అంత హుషారుగా చప్పట్లు కొడతాడా?"

చప్పట్లకూ మోకాలికీ ఏం సంబంధమని ఒక్కడు కూడా అడగలేదు. నిజమే గదా అని వెనక నుంచి ఒక గొంతు లేచింది, దాని వెనక ఇంకో పది లేచాయి. లేని దెబ్బను అంటగట్టి మన పిల్లోణ్ణి పంపించేసే కుట్ర అని కోటేశ్వరరావు ఫోన్లకు కొత్త సంగతి అందించాడు. ఆమె చెప్పిన నిజం వాళ్ల మంటలో ఇంకో కట్టె అయింది. ఆడవాళ్లు ఇద్దరు ఆమెను మెల్లిగా పక్కకు తీసుకెళ్లారు. తన గడ్డి భగ్గున అంటుకోవడం, మొగుడి చొక్కా గుండీలు చిటపటలాడటం అంకాలమ్మ చూస్తూ నిలబడింది. ఫోన్లన్నీ ఎత్తి వీడియోలు తీశారు.

చిన్నయ్య ఇంటికొచ్చి గడప దగ్గర కూలబడ్డాడు. నాకెందుకు చెప్పలేదని ఒక్క మాట అడిగాడు. చెప్పింటే ఊరంతా చాటేవాడివి కాదా అని ఆమె తిరిగి అడిగింది.

మరునాడు సాయంత్రం నాగేంద్ర ఫోన్ చేశాడు. గొంతులో సంతోషమా ఏడుపా తెలియడం లేదు. వీడియో ఎక్కడెక్కడికో పాకిపోయిందని, టీము ఓనరు చూసి, ఆటగాడి సొంత ఊళ్లోనే టీము పరువు పోతోందని కోచ్ మీద కేకలేశాడని చెప్పాడు. రేపటి మ్యాచ్‌లో ఆడిస్తున్నారట, కాసేపన్నా సరే కనపడాలట. కోచ్ ఒప్పుకోకుండా చాలాసేపు వాదించాడట. చివరికి నిన్నే అడుగుతున్నా, నీ ఇష్టమేందో చెప్పు అని ఓనరు తన వైపు తిరిగాడట.

"నువ్వేమన్నావు నాయనా?" అంది అంకాలమ్మ.

"ఆడతానన్నా. ఆడక ఏం చెయ్యాలమా? నువ్వేమో మోకాలు సంగతి నడిబజార్లో చెప్తివి. అది కూడా వీడియోలో వచ్చింది. ఇప్పుడు కూర్చుంటే మోకాలు పోయినోడనే ముద్ర పడిపోతది. అట్ల కాదని చూపించాల గదా."

వద్దురా, ఆడొద్దు అంది ఆమె. ఊరంతా నా కోసం రోడ్డెక్కింది మా, ఒక్కసారి ఆడి చూపిస్తా, ఏం కాదులే అని వాడే ఆమెకు ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాడు. అంకాలమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని దొడ్డిలో కూర్చుండిపోయింది. వద్దన్నది తనూ ఆ కోచూ ఇద్దరే, ఆడమన్నది ఇంతమంది. వాడు ఇంతమంది మాటే విన్నాడు. వినకుండా ఎట్లుంటాడు, ఇంత ప్రేమను ఎవడు కాదనగలడు అనుకుంది. అది ప్రేమే అయితే ఆ ప్రేమ మొహాన ఉమ్మెయ్యాలనిపించింది ఆమెకు.

శుక్రవారం తెర ముందు ఇసకేస్తే రాలనంత జనం. ఆనంద్ డప్పులు తెప్పించాడు, కోటేశ్వరరావు మిఠాయి పెట్టెలు తెప్పించాడు. తమ ధర్నాకు దేశమంతా దిగివచ్చిందని ఒకరి భుజాలు ఒకరు చరుచుకుంటున్నారు. రానని భీష్మించుకున్న అంకాలమ్మ చివరి ఘడియలో వచ్చి, దుకాణం లోపల యూరియా బస్తాల పక్కన నిలబడింది. చిన్నయ్య ఆమె వెనక నిలబడ్డాడు, ముందుకు రమ్మని పిలిచినా కదల్లేదు.

సగం ఆట అయ్యాక నాగేంద్ర మ్యాట్ ఎక్కాడు. మోకాలికి నల్లటి పట్టీ ఉంది. డప్పుల మోతలో ఆ పట్టీ ఎవరికీ కనిపించలేదు. వ్యాఖ్యానం చెప్పేవాడు ఈసారి బేస్తవారిపేట అన్నాడు. ఆ ఒక్క పేరుకు జనం పిచ్చెత్తినట్టు ఎగిరారు. అంకాలమ్మ మాత్రం కొడుకు నడక చూస్తోంది. బరువంతా కుడికాలి మీద వేస్తున్నాడు. దొడ్డిలో గొర్రె నాలుగు రోజులుగా నిలబడుతున్నది అట్లాగే.

కూతకొచ్చినవాడు పొడగరి. రెండుసార్లు లోపలికొచ్చి పోయాడు. మూడోసారి వెనక్కి తిరిగి ఉరికేటప్పుడు నాగేంద్ర చెయ్యి వాడి చీలమండ మీద పడింది. చిన్నప్పటి పట్టే, కొంచెం కూడా తేడా లేదు. పొడగరి గీతకు జానెడు దూరంలో బోర్లా పడ్డాడు, మిగతావాళ్లంతా వాడి మీద పడ్డారు. బేస్తవారిపేట సెంటరు దద్దరిల్లింది. ఆనంద్ ఎవరి భుజాల మీదికో ఎక్కి తువాలు తిప్పుతున్నాడు. మిఠాయి పెట్టెలు విప్పేశారు.

తెర మీద ఒక్కొక్కరే లేచారు. అడుగున ఉన్నవాడు లేవలేదు. అలసిపోయినాడు, లేస్తాడులే అని ఎవరో అన్నారు. నాగేంద్ర రెండు చేతులతో మోకాలు పట్టుకుని పక్కకు దొర్లాడు. అందరికంటే ముందు మ్యాట్ మీదికి పరుగెత్తుకొచ్చినవాడు కోచ్. చొక్కా తీసి మడిచి వాడి తలకింద పెట్టి, వాడి చెయ్యి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన మొహం కెమెరాలో దగ్గరగా కనిపించింది. మీసాలు లేవు, కళ్లజోడు పెట్టుకున్న నడివయసు మనిషి. మనం కాల్చింది ఈయన్నేనా అని చిన్నయ్య గొణిగాడు. స్ట్రెచర్ మీద కొడుకును మోసుకుపోతుంటే అంకాలమ్మ యూరియా బస్తా మీద కూర్చుండిపోయింది. చేతిలో లడ్డూ పట్టుకున్నవాళ్లకు దాన్ని తినాలో పారెయ్యాలో తెలియలేదు.

తెల్లారి చిన్నయ్య మందను తోలలేదు. కొడుకు ఉన్న ఊరికి పోవాలని ఇద్దరూ బట్టలు సర్దుకున్నారు. ఆపరేషన్ చెయ్యాలన్నారట, మళ్లీ ఎప్పుడు ఆడతాడో, అసలు ఆడతాడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారట. ఆ సంగతి ఫోన్లో చెప్పిందీ ఆ కోచే. తెలుగు రాక, పక్కన ఎవరినో పెట్టుకుని చెప్పించాడు. తల్లిగా మీరు ఒప్పుకోలేదని నాకు తెలుసు, నేనే గట్టిగా నిలబడలేకపోయానని అన్నాడు. ఊరి నుంచి ఆ మాట అన్నవాడు ఒక్కడూ లేడు.

బస్సుకు బయల్దేరబోతుంటే ట్రాక్టర్ చప్పుడైంది. ఆనంద్, వాడి వెనక ట్రక్కులో కుర్రాళ్లు. అందరి కళ్లూ ఎర్రబడి ఉన్నాయి, పాపం రాత్రంతా బాధపడినట్టే ఉన్నారు. ఏడుస్తూనే కోపంగా ఉన్నారు. ఆనంద్ దిగివచ్చి అంకాలమ్మ చేతులు పట్టుకున్నాడు. కళ్లు తుడుచుకుంటూ, దెబ్బ ఉన్నోణ్ణి తెలిసి తెలిసి ఆడించినాడత్తా ఆ కోచ్, వాణ్ణి వదిలిపెట్టం, ఈరోజు మార్కాపురంలోనే ధర్నా అన్నాడు. తర్వాత కొంచెం మొహమాటపడుతూ వామి వైపు చూశాడు.

అంకాలమ్మ తిడుతుందనుకున్నారు, ఏడుస్తుందనుకున్నారు. ఆమె చేతిలోని సంచి కింద పెట్టి, వామి దగ్గరికి పోయి, పరక పరకగా దాచుకున్న గడ్డిని రెండు చేతులా పీకి వాళ్ల కాళ్ల ముందు పోసింది. దండెం మీద ఆరేసిన చిన్నయ్య ఇంకో చొక్కా లాగి దాని మీద వేసింది. చిన్నయ్య కాదనలేదు. దొడ్డిలోంచి కుంటి గొర్రె ఆ గడ్డి వాసనకు మెడ చాపి అరిచింది.

"తీసుకపోండి. గడ్డి నాదే, చొక్కా ఈయనదే, మా వంతు మేమిస్తాము," అంది అంకాలమ్మ. "బొగ్గుతో మొహం గీస్తారు గదా. ఈసారి అద్దం దగ్గర పెట్టుకోని గీయండి."

ఆనంద్ చేతులు వదిలేశాడు. ట్రక్కులోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నేల చూశారు. అంకాలమ్మ సంచి భుజాన వేసుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని, వాళ్ల మధ్యలోంచి నడుచుకుంటూ బస్సు దగ్గరికి పోయింది. గడ్డి ముట్టుకున్నవాడు లేడు. కాసేపటికి ఆనంద్ వంగి, చొక్కా తీసి దులిపి తిరిగి దండెం మీద వేసి, ఆ గడ్డిని ఎత్తుకుపోయి కుంటి గొర్రె ముందు వేశాడు.